చివర ఒత్తితే వాడు

జూలై ఆరో తేదీ, ఆదివారం సాయంత్రం. ఏలూరు, మా ఇంటి ముందుగది. హాజరైనవారు: నేను, పడక్కుర్చీలో కళ్లు మూసుకున్న మా ఆయన, బ్యాంకులో పనిచేసే మా మనవరాలు, ఆమె చేతిలో ఫోను. ఫోనుకి కూడా హాజరు వేయడం ఎందుకంటే ఆ సాయంత్రం మా అందరికంటే ఎక్కువ మాట్లాడింది అదే.

ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారో, ఆ తర్వాత ఏం జరిగిందో రాయడం నాకు వార్డులో పట్టుబడిన అలవాటు. డ్యూటీ అప్పగించేటప్పుడు అలాగే రాసేవాళ్లం. రిటైరై ఇన్నేళ్లయినా ఇంటి సంగతులు కూడా అలాగే రాసుకుంటున్నాను, దాన్ని మా ఆయన కేస్ షీటు అంటారు.

కొంతమంది ఆడపిల్లలు తీరిక వేళల్లో అల్లికలు అల్లుకున్నట్టు మా మనవరాలు ఈ మధ్య ఫోనులో ఇటాలియన్ నేర్చుకుంటోంది. ఫోను ఒక మాట చెబుతుంది, ఈవిడ తిరిగి చెప్పాలి, సరిగ్గా పలికితే గంట మోగుతుంది, లేకపోతే కడుపునొప్పి వచ్చినట్టు మూలుగుతుంది. ఆ సాయంత్రం వచ్చిన మాట 'లవోరొ', అంటే 'పనిచేస్తాను' అని. మా పిల్ల మూడుసార్లు 'లవోరో' అని సాగదీసి చెప్పింది, మూడుసార్లూ ఫోను మూలిగింది. చిక్కుడుకాయలకు నార తీస్తున్న నేను తలెత్తకుండానే అనేశాను.

"చివర వత్తకే. వత్తావంటే 'నేను' కాస్తా 'వాడు' అయిపోద్ది. మధ్యలో వత్తు."

మధ్యలో ఒత్తింది, గంట మోగింది. మోగిన గంటని వదిలేసి మా పిల్ల నా వైపు తిరిగి, "వాడా? వాడెవడు నాయనమ్మా?" అని అడిగింది. పడక్కుర్చీలోంచి చిన్న దగ్గు వినిపించింది.

ఆ ప్రశ్న నన్ను మొట్టమొదట అడిగింది మా అమ్మ. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. నా వయసువాళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, ఇంట్లో ఆడపిల్ల నోటివెంట 'వాడు' అన్న మాట వస్తే చాలు, అన్నం వార్చేవాళ్లు కూడా గంజి చెయ్యి మీద పోసుకునేవాళ్లు.

మాది కొల్లేటి లంక. నాన్న పోయాక అమ్మా నేనూ ఏలూరు వచ్చి మిషన్ ఆసుపత్రి వెనకాల ఒక గదిలో ఉండేవాళ్లం, నేను ఆ ఆసుపత్రిలో ఆయాగా చేసేదాన్ని. పదో తరగతి పాసయ్యాను గానీ దానితో నాకు దక్కింది మలమూత్రాల పళ్లాలు మోయడమే. ఆ ఆసుపత్రి నడిపేది ఇటలీ నుంచి వచ్చిన సిస్టర్లు. కొన్నేళ్లకొకసారి వాళ్ల దేశం నుంచి వాళ్ల పెద్ద సిస్టరమ్మ వచ్చి, ఇక్కడి పిల్లల్లో ఒకరిని ఎంచి, రెండేళ్ల నర్సు ట్రైనింగుకి తమతో తీసుకుపోయేది. వెళ్లినవాళ్లు తెల్ల టోపీతో తిరిగొస్తారు, వెళ్లనివాళ్లు పళ్లాలే మోస్తారు. షరతులు రెండే. ఇటాలియన్ భాషలో తన గురించి నాలుగు ముక్కలు చెప్పగలగాలి. ట్రైనింగు పూర్తయ్యేవరకు పెళ్లి మాటగానీ, మనసులో ఎవరైనా ఉండడంగానీ కూడదు. రెండోది నాకు తేలికగానే తోచింది. మొదటి దాని కోసమే భయపడ్డాను.

రోములో చదువుకొచ్చిన మా ఫాదరు గారు తానే నేర్పుతానన్నారు. మా పెదనాన్న ఒప్పుకోలేదు. నాన్న పోయాక మాకు పెద్ద దిక్కు ఆయనే, తాడేపల్లిగూడెంలో హైస్కూలు తెలుగు పండితుడు. తెలుగు తూర్పుదేశాల ఇటాలియన్ అని తెల్లవాళ్లే ఒప్పుకున్నాక, ఆ ఇటాలియన్ పడమటి తెలుగు కాకుండా ఎక్కడికి పోతుందని ఆయన వాదన. వాళ్ల మాటలూ అచ్చుతోనే ఆగుతాయి, మన మాటలూ అచ్చుతోనే ఆగుతాయి, కాబట్టి మన ఇంటి పిల్లకి అచ్చులు పలకడం బయటివాళ్లు నేర్పడమేమిటని ఆయన కష్టపెట్టుకున్నారు. పెదనాన్నకి ఒక్క ఇటాలియన్ మాట రాదన్న సంగతి ఆయనకి అడ్డం రాలేదు, మాకు అడగడానికి నోరు రాలేదు. ఫాదరు గారు నిట్టూర్చి ఒక పాత పుస్తకం ఇచ్చి ఊరుకున్నారు.

అది ఇంగ్లీషువాళ్ల కోసం అచ్చువేసిన పుస్తకం. ఇటాలియన్ క్రియలన్నీ వరసగా ఇచ్చి, ఏ మాటని ఎక్కడ విరవాలో చిన్న చిన్న గీతలు పెట్టి చూపించారు. వెనక సగం చెదలు తినేశాయి. అంటే ఆ పుస్తకంలో వర్తమానకాలం మిగిలింది, భూత భవిష్యత్తులు చెదల పాలయ్యాయి. అది ఎంత పెద్ద నష్టమో తర్వాతగానీ మాకు తెలియలేదు.

ఆదివారం పూజ అయ్యాక పాసింజరు ఎక్కి గూడెం వెళ్లేదాన్ని. పెదనాన్న వరండాలో చాప మీద కూర్చుని ఎర్రసిరా కలంతో పుస్తకం దిద్దుతుండేవారు. 'ఎదురుచూస్తాను' అనే మాట 'అస్పెత్తొ'. దాన్ని పుస్తకం అ, స్పెత్, తొ అని మూడు ముక్కలు చేసింది. సకార పకారాలని ఒక్క ముక్కలో కలిపి ఉంచినవాళ్లు, ఒకే తల్లి బిడ్డల్లాంటి రెండు తకారాల మధ్య గీత గీస్తారా, ఇది ముద్రాపకుడి తప్పని తేల్చి, అ, స్పె, త్తో అని దిద్దారు. తర్వాత పైన గురులఘువులు పెట్టారు. స్పె ముందున్న అకారం గురువు, త్తో ముందున్న స్పె గురువు, వెరసి మూడు గురువులు, మగణం. 'లవోరో' యగణం. పరాయి దేశపు క్రియలు మన గణాల్లో ఇంత చక్కగా ఒదుగుతుంటే ఆయనకి కళ్లు చెమర్చేవి.

ఇక ఆ చివరి 'ఒ' దగ్గర వచ్చింది చిక్కు. తెలుగులో మాట చివర పొట్టి ఒకారం నిలవదని, కాబట్టి వాళ్లు రాయకపోయినా దీర్ఘం ఉండే తీరాలని పెదనాన్న నిర్ణయించారు. దీర్ఘం ఉండడమే కాదు, దాన్ని బాగా ఒత్తి, నాభిలోంచి పలకాలన్నారు. 'నేను' అని ముందు చెప్పుకోనవసరం లేదని పుస్తకంలో ఉండడం చూసి మరీ సంతోషించారు. మనమూ 'వస్తాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు కదా, పైగా ఆడపిల్ల నేను నేను అనడం బాగుండదు కూడాను అని ఆ మాట మొత్తం తీయించేశారు.

పక్కన ఉల్లిపాయల కొట్టు. నేను వరండాలో నిలబడి లవోరో, అమో, కాంతో, ప్రేగో, అస్పెత్తో అని వల్లెవేస్తుంటే, బస్తాలు దించే కూలీలు రెండు వారాలు విని మూడో వారం నుంచి తమ పాట మానేసి అదే అందుకున్నారు. 'లవో' అన్నప్పుడు బస్తా పట్టుకోవడం, 'రో' అన్నప్పుడు భుజానికెత్తడం. వాళ్లకి సైతం ఊపు చివరి అక్షరం మీదే వస్తోంది చూశావా, శాస్త్రం అంటే అదీ అని పెదనాన్న మురిసిపోయారు.

పెద్ద సిస్టరమ్మ వచ్చిన రోజు నేను ఇస్త్రీ చీర కట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్లాను. ఆవిడ డెబ్బై దాటిన మనిషి, బొద్దుగా, నవ్వుమొహంతో ఉంది. నేను చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. ఆసుపత్రిలో పనిచేస్తాను. పిల్లలంటే ఇష్టం. చర్చిలో పాడతాను. రోజూ ప్రార్థన చేస్తాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాను. ప్రతి మాట చివరా పెదనాన్న చెప్పినట్టే ఒత్తాను, ఒక్క గురువు కూడా లఘువు కాకుండా.

రెండో వాక్యానికి ఆవిడ నవ్వు తగ్గింది. మూడో దానికి ముందుకు వంగింది. ఐదో దానికి జేబురుమాలు తీసింది. నా ఉచ్చారణ ఆవిణ్ణి ఇంత కదిలించిందా అనుకుని, ఇంకా ఏముందన్నట్టు ఆవిడ చెయ్యి ఊపగానే, 'రెండేళ్లు ఉంటాను' అన్నది కూడా కలిపాను. రెస్తో దూయె అన్ని. ఆవిడ కళ్లు ఒత్తుకుని, మెల్లగా, "కీ?" అని అడిగింది.

నేను క్షణం తటపటాయించి, బొడ్లో దోపుకున్న మందుల బీరువా తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

వాళ్ల భాషలో 'కీ' అంటే 'ఎవరు' అని. ఆ సంగతీ, అంతకుముందు జరిగిన సంగతీ కూడా నాకు మర్నాడుగానీ తెలియలేదు. ఆ భాషలో ఇలాంటి క్రియలకి చివరిదానికి ముందున్న అక్షరం ఒత్తితే 'నేను చేస్తాను' అని అర్థం, అదే క్రియకి చివరి అక్షరం ఒత్తితే 'వాడు చేశాడు' అని అర్థం. నేను చెప్పినదంతా ఆవిడ చెవికి ఇలా చేరింది: ఆసుపత్రిలో పనిచేశాడు. పిల్లల్ని ప్రేమించాడు. చర్చిలో పాడాడు. రోజూ ప్రార్థించాడు. జవాబు కోసం ఎదురుచూశాడు. రెండేళ్లు ఉన్నాడు. ఎవరమ్మా అని ఆవిడ అడిగితే, ఇక ఈ ఉద్యోగం నాకొద్దన్నట్టు నేను తాళంచెవి ఇచ్చేశాను.

మంచిపిల్లే, కానీ మనసంతా ఎవరో పోయినవాడి మీద ఉంది, ఈ పిల్లని సముద్రం దాటించడం పాపం, ఇంకొకరిని చూద్దాం అని ఆవిడ ఫాదరు గారితో అంది. ఫాదరు గారు పెద్ద దిక్కు కదా అని పెదనాన్నకి కబురుపెట్టారు. ఆ సాయంత్రానికి పెదనాన్న గూడెం బస్సు దిగి మా గదిలోకి రావడం, అమ్మ తలుపు గడియ వేయడం జరిగాయి.

"ఎవరే వాడు?" అంది అమ్మ.

"ఎవరూ లేరమ్మా."

"లేకపోతే ఆస్పత్రిలో పనిచేసిందెవరు, పాటలు పాడిందెవరు, రెండేళ్లుండి పోయిందెవరు?"

"నేనేనే అమ్మా."

"నువ్వు రెండేళ్లేంటే, మూడేళ్లనుంచి చేస్తుంటే."

పెదనాన్న మాత్రం ఏడవలేదు, అరవలేదు. పద్యానికి అన్వయం కుదుర్చుకునే మనిషి కదా, ఒక్కొక్క క్రియకే కర్తని వెతకడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి మానేసినవాడు, చర్చిలో పాడేవాడు, పిల్లలకి పిప్పరమెంట్లు పంచేవాడు. అమ్మా ఆయనా ఒకేసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా మేనత్త కొడుకు మందుల గదిలో రెండేళ్లు రాతపని చేసి, జీతం చాలక చేపల ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. కొల్లేటి చేపల్ని బుట్టల్లో ఐసుతో సర్ది హౌరా వెళ్లే బండికి ఎక్కించడం ఆయన పని. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే.

బావని పిలిపించారు. అత్త కూడా వెంట వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను గోడకి ఆనుకుని, ఇప్పుడు బావ నవ్వేసి ఇదంతా ఏమిటి మావయ్యా అంటాడు, ఈ గొడవ తీరిపోతుంది అని ధైర్యంగా ఉన్నాను. నిజం చెప్పాలంటే బావ నాతో అప్పటిదాకా హాజరు పట్టీ గురించి తప్ప మాట్లాడి ఎరగడు.

పెదనాన్న గొంతు సవరించుకున్నారు. "ఒరే అబ్బాయ్. నువ్వు జవాబు కోసం ఎదురుచూశావా?"

బావ తల వంచుకున్నాడు. "చూస్తున్నానండి మావయ్యా."

నేను గోడ వదిలి నిటారుగా నిలబడ్డాను.

"ఏమడిగావురా దాన్ని, జవాబు కోసం చూస్తన్నానంటున్నావు?"

"ఇంకా అడగలేదండి."

అత్త గుమ్మంలోనే కూలబడి నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. అడగని ప్రశ్నకి రెండేళ్లుగా జవాబు కోసం చూస్తున్న మనిషిని ఏమని తిట్టాలో అమ్మకీ తెలియలేదు. నాకైతే మొదట ఒళ్లు మండింది. నా తెల్ల టోపీ ఎగిరిపోతుంటే, ఎప్పుడూ నోరు విప్పని మనిషి ఇవాళే విప్పాలా అని. మంట తగ్గాక ఇంకేదో అనిపించింది గానీ, దానికి ఆ పూట నా దగ్గర తీరిక లేదు.

పెద్ద సిస్టరమ్మ రెండ్రోజుల్లో వెళ్లిపోతుంది. తన శిక్షణలో లోపం లేదని నిరూపించకపోతే పెదనాన్నకి నిద్రపట్టేలా లేదు. అందుకని మర్నాడు మధ్యాహ్నం అందరం, బావతో సహా, ఆవిడ గదికి బయల్దేరాం. పిల్ల మనసులో ఏమున్నా చదివిన చదువు మాత్రం స్వచ్ఛమైనదని చెప్పి, పెదనాన్న చేతులు కట్టుకుని తానే అప్పజెప్పడం మొదలుపెట్టారు. లవోరో. అమో. కాంతో. తెల్ల పంచె కట్టుకుని గుబురు మీసాలున్న పెద్దమనిషి కూడా, ఆసుపత్రిలో పనిచేసి పిల్లల్ని ప్రేమించిన అదే మనిషిని తలుచుకోవడం చూసి ఆవిడ తెల్లబోయింది. ఒక్క క్షణం ఆగి, పుస్తకం చూపించమంది. ఎర్రసిరా గీతలన్నీ చూసింది. చూసి చూసి, కళ్లజోడు తీసి, ఒళ్లంతా కదిలేలా నవ్వింది.

తర్వాత బల్ల మీద చేత్తో కొడుతూ చెప్పింది. ల, వో, రొ. నడిమి ముక్క దగ్గర దెబ్బ గట్టిగా, చివర మెల్లగా. అ, స్పెత్, తొ. మాటకి ఒక్క ముక్కే పైకి లేవాలి, మిగతావి పక్కన కూర్చోవాలి. ఆ గీతలు ఎందుకున్నాయో, ఏ ముక్క మీద ఒత్తితే ఎవరు పనిచేసినట్టో, ఫాదరు గారు తెలుగులో విడమరిచి చెప్పారు. పెదనాన్న శ్రద్ధగా విన్నారు. విని, ఓడిపోయినట్టు కాకుండా, మర్యాదగా అన్నారు.

"మా భాషలో అక్షరాలన్నీ ఒకే బంతిలో కూర్చుంటాయండి. ఒకదాన్నే నెత్తిన పెట్టుకుని తక్కినవాటిని చిన్నబుచ్చడం మాకు అలవాటు లేదండి."

ఫాదరు గారు దాన్ని ఇటాలియన్‌లో చెప్పారు. ఆవిడ ఆలోచించి, మా అక్షరాలూ ఒక్క బంతిలోనే కూర్చుంటాయి, కాకపోతే మాట్లాడేవాడు లేచి నిలబడతాడు, లేకపోతే ఎవరు మాట్లాడుతున్నారో ఎలా తెలుస్తుందని జవాబిచ్చింది. పెదనాన్న ఆ మాటకి తల ఊపారు. ఇన్నేళ్లలో ఆయన ఒకరి వ్యాకరణానికి తల ఊపడం నేను అదే చూశాను.

అంతా తేలిపోయింది, ఇక నేను వెళ్లడమే అనుకుంటుండగా, ఆవిడ చూపు తలుపు పక్కన నిలబడ్డ బావ మీద పడింది. ఈ అబ్బాయి ఎవరని అడిగించింది.

"తమరు చెప్పినవాడండి," అన్నారు పెదనాన్న.

ఫాదరు గారు అయోమయంగా చూశారు. "అదంతా ఒత్తు తప్పేనని ఇప్పుడే కదండీ తేలింది. వాడనేవాడు లేడు కదా?"

"లేడండి. కానీ వెతికితే దొరికాడు."

ఇది ఇటాలియన్‌లోకి ఎలా వెళ్లిందో నాకు తెలియదు గానీ, పెద్ద సిస్టరమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది. లేని మనిషి కోసం నిన్న నన్ను వద్దన్నది, ఇవాళ ఆ లేని మనిషే ఎదురుగా ఉన్నాడు. మనసులో ఎవరూ ఉండకూడదన్న షరతు ఆవిడ పెట్టిందే. బావని ఏదో అడిగించబోతే ఆయన అడ్డం వచ్చి, "అడగాల్సింది నన్ను కాదండి. వెళ్లేది తను," అన్నాడు. నా ఎదురుగా ఆయన అంతవరకు మాట్లాడిన వాటిలో అదే పెద్ద మాట.

ఆవిడ నా వైపు తిరిగింది. ఫాదరు గారి సాయం లేకుండా నన్నే చూస్తూ, నా నోటితో నన్నే చెప్పమన్నట్టు వేలు చూపించింది. నాకు వర్తమానకాలం తప్ప ఏమీ రాదు, రాబోయే కాలమంతా చెదలు తినేశాయి. ఆ గదిలో బావ ఉన్నాడు, అమ్మ ఉంది, నా టోపీ ఉంది. గడప దాటేటప్పుడు మనం వెళ్తాను అనం కదా. మాలో ఎంత కోపంలో ఉన్నవాళ్లైనా ఆ ఒక్క మాట అనరు. నాకు వచ్చిన రెండు క్రియలు పక్కపక్కన పెట్టి, ప్రతి దానికీ మొదటి అక్షరం మీద కాలు మోపి, చివర మెల్లగా వదిలి చెప్పాను.

"వాదొ ఎ తోర్నొ."

వెళ్తాను, వస్తాను. మన వెళ్లొస్తానే.

ఆవిడ మళ్లీ కళ్లజోడు తీయాల్సి వచ్చింది. ఇటలీలో ఆ మాట వీధి చివర కొట్టుకి ఉప్పు తేవడానికి వెళ్లేవాళ్లు, పొయ్యి మీద గిన్నె దించకుండా, తలుపు వేయకుండా అంటారట. ఏలూరు నుంచి ఇటలీకి రెండేళ్లకి పోతూ ఈ పిల్ల అదే మాట అంటోందని ఆవిడ నవ్వు. నవ్వు ఆగాక తాళంచెవి సొరుగులోంచి తీసి నా చేతిలో పెట్టి, ప్రయాణానికి సిద్ధం కమ్మంది. మనసులో ఎవరైనా ఉండడం గురించి ఆవిడ మళ్లీ అడగలేదు. ఎవరున్నారో నాకూ అప్పటికి సరిగ్గా తెలియదు కాబట్టి నేనూ చెప్పలేదు.

వెళ్లాను, భూతకాలం అక్కడే నేర్చుకున్నాను, వచ్చాను. ఇప్పుడు మన వైపు పిల్లలు అలాంటి దేశాలకి కోచింగులు తీసుకుని, పరీక్షలు రాసి, సర్టిఫికెట్లతో వెళ్తున్నారు, అది మంచిదే. మా మనవరాలు తప్పు పలికితే ఫోను మూలుగుతుంది, వెంటనే దిద్దుకుంటుంది, ఆ తప్పు ఆ పిల్ల చెవికీ ఫోనుకీ మధ్యే పుట్టి అక్కడే చచ్చిపోతుంది. మా రోజుల్లో ఒక తప్పు పలికితే అది గూడెం వరండా దాటి, ఉల్లిపాయల కొట్టు చుట్టి, ఆసుపత్రి మెట్లెక్కి, చుట్టాలందరినీ కూడేసుకుని ఇంటికి వచ్చేది. అందరూ కలిసి దిద్దేవాళ్లు. దిద్దేలోపు మనం అడగని సంగతులు కూడా నాలుగు బయటపడేవి. సరిగ్గా పలకడం ఇప్పుడు చాలా తేలికైంది. ఒకరి పొరపాటు ఇంకొకరు వినడానికి మాత్రం ఎవరికీ వీలు చిక్కడం లేదు.

పెద్ద సిస్టరమ్మ నన్ను సిద్ధం కమ్మన్న మర్నాడు పొద్దున బావ ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చాడు. బండికి బుట్టలు ఎక్కించి తిన్నగా వచ్చినట్టున్నాడు, సైకిలు వెనక గోనెపట్టాలోంచి ఐసు నీళ్లు కారుతున్నాయి. పై వార్డు కిటికీల్లో ఎన్ని తలలు పట్టగలవో అన్నీ ఉన్నాయి. ఇప్పుడు అడుగుతాడు కాబోలు అని నేను చీర చెంగు సర్దుకున్నాను. ఆయన హ్యాండిలు మీద బెల్లు ఒకసారి తుడిచి, "అక్కడ చలి ఎక్కువంట కదా," అన్నాడు.

"అంటున్నారు బావా."

"రోజూ ఐసులో ఉండేవోణ్ణి, చెప్తున్నాను. చలి ముందు చెవుల్లోంచి దిగుద్ది. చెవులు కప్పుకో. ఆ తర్వాత వేళ్లు. మిగతా ఒళ్లు అదే సర్దుకుంటది."

ఇంకేదైనా అంటాడేమోనని నిలబడ్డాను. ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు. సైకిలు మలుపు తిరిగాక నేను గేటు పక్కనే, ఏలూరు ఎండలో, కిటికీల్లో తలలున్నాయన్న సంగతి మరిచిపోయి, రెండు చెవులూ అరచేతులతో మూసి చూశాను.